మైనస్ నాలుగు, మైనస్ ఐదు

హాజరు పిలిచేటప్పుడు మధులత తర్వాత రమణి పేరు రావాల. భూపేష్ సార్ గొంతు ఆ చోట ఆగలేదు. నేరుగా "శివజ్యోతీ" అన్నాడు.

తన పేరు అంత తొందరగా వస్తుందనుకోని శివజ్యోతి రెండోసారి పిలిపించుకొని గానీ లేవలేదు. "ప్రజెంట్ సార్" అని కూచుంటా పక్కకు చూసింది. బెంచీ మీద రమణి కూచునే చోట, ఆ పిల్ల కంపాసు ముల్లుతో చెక్కుకున్న పువ్వొకటి తెల్లగా కనపడతాంది. మొన్న రమణి వాళ్ళమ్మ బడికొచ్చింది. ఆఫీసు రూములో ఒక కాగితం మీద వేలిముద్ర వేసింది. బోరింగు కాడ ఆ వేలిని మట్టితో రుద్ది రుద్ది కడుక్కొని, ఎవరితోనూ మాట్లాడకుండా పోయింది. ఆ మధ్యాహ్నమే రమణి సంచి సర్దుకుంది. "పీడ వదిలిందిలే" అని నవ్వింది గానీ, గేటు దాటినాక కూడా బడి దిక్కే చూసుకుంటా నడిచింది.

సార్ హాజరు పట్టీ మూసి బోర్డు మీద పొలం గీసినాడు. పొడవు వెడల్పు కంటే మూడు మీటర్లు ఎక్కువ, మొత్తం నలభై చదరపు మీటర్లు, వెడల్పెంత? సమీకరణం రాసినాడు, మధ్యపదాన్ని విడగొట్టినాడు. చివరికి రెండు విలువలు వచ్చినాయి. ఐదు, మైనస్ ఎనిమిది. సుద్దముక్కను అడ్డంగా పట్టుకొని మైనస్ ఎనిమిదిని బర్రుమని కొట్టేసినాడు.

"మైనస్ ఎనిమిది మీటర్ల పొలం ఎవరన్నా చూసినారా?"

"మాదట్లాంటిదే సార్," అన్నాడు ఈరేష్ వెనక నుంచి. "ఉండాది గానీ దాంట్లోంచి ఏమీ రాదు."

అందరూ నవ్వినారు. సార్ కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. "మైనస్ వస్తే కొట్టి పారేయండి. గుర్తుపెట్టుకోండి."

శివజ్యోతి రాసుకుంది. గుర్తుండాలని కింద రెండు గీతలు కూడా గీసుకుంది.

బెల్లు కొట్టే ముందు సార్ బల్ల మీద చేయి ఆనించి నిలబడినాడు. ఆ నిలబడ్డం చూస్తేనే తరగతి సద్దుమణిగింది. "పరీక్షకు పేర్లు సోమవారం పోతాయి. పేరు పోయినోళ్ళంతా పాస్ కావాల. ఒక్కరు తప్పినా పెద్దసారు నన్ను నిలబెట్టి అడుగుతాడు, ఆయన్ని పైవాళ్ళు అడుగుతారు. పుస్తకంలో ఈ పది లెక్కలు చేసుకోని రాండి. క్వార్టర్లీలో తప్పినోళ్ళను బోర్డు మీదికి పిలుస్తా. లెక్క రానోళ్ళు మర్నాడు ఇంట్లో పెద్దోళ్ళను పిలుచుకొని రావాల. బడి మానిపిస్తాండామని కాగితం మీద సంతకం పెట్టిపోతారు. ఇష్టముంటే ఎప్పుడన్నా ప్రైవేటుగా పరీక్ష కట్టుకుంటారు."

క్వార్టర్లీలో తప్పినోళ్ళలో రమణి పోగా ఇంక మిగిలింది శివజ్యోతే. సార్ ఆ మాట చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు, అందరూ ఆ పిల్ల దిక్కే చూసినారు.

ఇంటికి పోయే దారిలో వీధి వీధంతా తాళాలే. సుగ్గికని కూలికి వలసపోయినోళ్ళ వాకిళ్ళలో ముగ్గులు చెరిగిపోయి, కసువు గాలికి తలుపుల కాడ చేరుకుంది. పత్తి తీసేకి గుంటూరు దిక్కు పోయినోళ్ళు మిరపకాయలు కూడా కోసి, ఎండలు ముదిరినాకే వస్తారు. అంతవరకూ ఊర్లో ముసలోళ్ళు, పిల్లోళ్ళు, కుక్కలు.

అవ్వ ఉరుకుందమ్మ వాకిట్లో కాళ్ళు చాపుకొని కొర్రలు చెరుగుతాంది. చాట పైకి లేచినప్పుడల్లా గింజ వెనక్కి, తాలు ముందుకు దూకుతాంది. ముందుకొచ్చిన తాలును అవ్వ అరచేత్తో ఒక పక్కకు తోసి కుప్ప చేస్తాంది.

"ఏమ్మే, మొగం అట్ల పెట్టినావు? సారు కొట్టినాడా?"

"లేదవ్వా."

"మళ్ళ?"

"లెక్కలు ఇచ్చినాడు."

"ఇస్తే చెయ్యి. దానికి గుడక ఏడుస్తారా!"

శివజ్యోతి గడప మీద కూచుని పుస్తకం తెరిచింది. కాగితం సంగతి చెప్దామని నోటిదాకా వచ్చింది. చెప్తే అవ్వ నాయనకు చెప్తుంది. నాయన ఏమంటాడో తెలుసు. అనుకునేలోపే అవ్వ కొంగులో ఉన్న చిన్న ఫోను మోగింది.

"పాపకు ఇయ్యి," అంటున్నాడు నాయన పరమేష్. వెనక ఎవరో అరుస్తున్నారు, ట్రాక్టరు చప్పుడు. "ఏం పాపా, చదువుతాండావా?"

"ఆఁ నాయనా."

"ఈడ పత్తి విచ్చుకుంది. తీసేకి చేతులు చాలడం ల్యా. రేపు ఓబులేష్ మేస్త్రి మళ్ళ బండి తీసుకోని ఊరికొస్తాండాడు, మనుషుల కోసరం. చదివేదుంటే చదువు, నేనేమీ అనను. బడోళ్ళే వద్దంటే మాత్రం ఊరికే యాంటికి ఉండేది? బండెక్కి రా. మీయమ్మకు గూడ తోడైతావు."

"అట్లనే నాయనా," అంది. ఫోను అవ్వకిచ్చేటప్పుడు తన చేతివేళ్ళ దిక్కు చూసుకుంది. పోయిన సుగ్గిలో పత్తికాయ మొనలు గోళ్ళ సందుల్లో దిగి, రెండు గోళ్ళు నల్లబడి రాలిపోయినాయి. కొత్తవి వంకరగా మొలిచినాయి.

లెక్కలు మొదలుపెట్టింది. గుణిస్తే చివరిది రావాల, కూడితే నడిమిది రావాల. అట్లాంటి రెండు అంకెల కోసం వేళ్ళ మీద, గడప మీద, ఒక్కోసారి గాలిలో వెతికింది. మొదటిది వచ్చింది. నాలుగు, మైనస్ ఆరు. మైనస్ ఆరును కొట్టేసింది. రెండోదీ వచ్చింది, మైనస్‌ను కొట్టేసింది. ఒక్కొక్కటి వస్తా ఉంటే గుండెలో బరువు కొంచెం కొంచెంగా దిగింది. కొట్టేసేటప్పుడు సార్ లాగా బర్రుమని గీత లాగింది.

తొమ్మిదో లెక్క కాడ ఆగిపోయింది. x², తొమ్మిది x, ఇరవై, అన్నిటి మధ్యా ప్లస్సులే. నాలుగు, ఐదు సరిపోయినాయి. విలువలు రాసేసరికి మైనస్ నాలుగు, మైనస్ ఐదు. రెండూ మైనస్సులే. ఒకదాన్ని కొట్టేసింది. రెండోదాని మీద పెన్ను పెట్టి కొంతసేపు అట్లనే ఉండి, దాన్నీ కొట్టేసింది.

ఇంక ఏమీ మిగల్లేదు.

మొదట్నుంచి చేసింది. మళ్ళీ అవే వచ్చినాయి. సమాధానం లేని లెక్క ఉంటుందా? సార్ ఇస్తాడా అట్లాంటిది? కొట్టేసిన రెండు అంకెలూ గీతల కింద నుంచి తననే చూస్తున్నట్టు అనిపించి పుస్తకం మూసేసింది.

*

శుక్రవారం సార్ పుస్తకాలు చూడలేదు. చాక్‌పీసు తీసి శివజ్యోతి చేతిలో పెట్టినాడు.

"తొమ్మిదోది చెయ్యి."

పదిట్లో అదే యాంటికి అడిగినాడో తెలీదు. బోర్డు కాడికి పోయింది. సుద్ద వేళ్ళ చెమటకు తడిసి, రాస్తుంటే గీత పడకుండా జారింది. అయినా రాసింది. విడగొట్టింది. బ్రాకెట్లు కట్టింది. మైనస్ నాలుగు, మైనస్ ఐదు. వెనక బెంచీల్లో ఎవరో దగ్గినారు. ఒకదాని మీద గీత, ఇంకోదాని మీద గీత. కొట్టేసి, పక్కకు జరిగి నిలబడింది.

"ఏది సమాధానం?"

"లేదు సార్."

"లేదా? యాడికి పోయింది, సుగ్గికి పోయిందా?"

తరగతి గొల్లుమంది. శివజ్యోతి కూడా నవ్వబోయింది, భయమైనప్పుడు వచ్చే నవ్వు. సార్‌కు అది కనపడింది.

"నవ్వుతాండావా? మధులత దాంట్లో చూసి రాసుకున్నావు. రాసుకున్నదేందో తెలీక కొట్టేసినావు. చూసి రాసేదన్నా సక్కగా రాయల్ల కదా!"

"లేదు సార్. రెండూ మైనస్..."

ఆమె మాట పూర్తికాక ముందే సార్ జేబులో ఫోను మోగింది. పేరు చూసి సార్ చొక్కా సర్దుకున్నాడు. ఫోనులో మాట్లాడేకి చొక్కా సర్దుకునే మనిషిని శివజ్యోతి అప్పుడే చూసింది. "ఎస్ సార్. హండ్రెడ్ పర్సెంట్ సార్. అందర్నీ ఏరుతాండాను సార్. ఒకటి రెండు ఉంటే... రేపటికి తేల్చేస్తాను సార్. ఎస్ సార్." మాట్లాడినంతసేపూ నిలబడే ఉన్నాడు. నుదుటి మీద చెమట బొట్లు. ఫోను పెట్టినాక బోర్డు దిక్కు చూసినాడు గానీ చూపు లెక్క మీద లేదు.

"రేపు పొద్దున మీ ఇంట్లో పెద్దోళ్ళను పిలుచుకోని రా."

"అమ్మా నాయనా ఊర్లో లేరు సార్."

"ఉన్నోళ్ళను పిలుచుకోని రా."

సాయంత్రం మలుపు తిరుగుతుంటే బండి కనపడింది. ఎర్ర రంగు ఐచర్, వెనక టార్పాలిను ముడిచి కట్టినారు, తొట్టిలో గోనెసంచులు పరిచినారు. బానెట్టు ఇంకా వేడిగా ఉన్నట్టుంది, దాని కింద కుక్క పండుకొని ఉంది. ఓబులేష్ మేస్త్రి తాళం వెయ్యని ఇండ్ల కాడ ఒక్కొక్క దాని ముందర ఆగి ఆగి వస్తున్నాడు.

శివజ్యోతి సందులోంచి తిరిగి ఇంటికి పరిగెత్తింది.

*

అవ్వ నిన్న చెరిగిన తాలు కుప్పను మళ్ళీ చాటలోకి ఎత్తుకుంటాంది.

"తాలు కదవ్వా అది. కోళ్ళకెయ్యి."

"ఎయ్యకముందు మళ్ళొకసారి చాటకెక్కియ్యల్ల. చేతికి తేలిగ్గా తగిల్తే తాలంటాము. అన్నీ తాలుంటాయా?" అవ్వ చాటను ఎగరేయలేదు, మెల్లగా పక్కకు ఊపింది. పొట్టు పైకి తేలి, అడుగున గింజలు నిలబడినాయి. వాటిని చూపుడువేలితో ఒక మూలకు లాగింది. ఒక గుప్పెడు. "సూడు. ఇవన్నీ కోళ్ళ పాలైతాండె."

శివజ్యోతి చూసింది. తర్వాత సంచిలోంచి పుస్తకం తీసింది.

తొమ్మిదో లెక్క. గీత కింద మైనస్ నాలుగు. దాన్ని తీసి x ఉన్న చోటల్లా పెట్టింది. మైనస్ నాలుగును మైనస్ నాలుగుతో గుణిస్తే పదహారు. తొమ్మిది నాలుగులు ముప్ఫైఆరు, మైనస్. చివర ఇరవై. పదహారూ ఇరవై ముప్ఫైఆరు, దాంట్లోంచి ముప్ఫైఆరు పోతే సున్న. సమీకరణానికి కావల్సింది సున్ననే. మైనస్ ఐదును పెట్టింది. అదీ సున్న.

వెనక్కి పోయి మొదటి లెక్కలో కొట్టేసిన మైనస్ ఆరును పెట్టి చూసింది. సున్న. రెండో దాంట్లో, మూడో దాంట్లో. కొట్టేసినవన్నీ సరిపోతున్నాయి. ఒక్క పొలం లెక్కలో తప్ప. అక్కడ కూడా అంకె సరిపోతుంది, పొలమే సరిపోదు. మీటర్లు మైనస్‌లో ఉండవు కాబట్టి కొట్టేసినాడు సార్. మిగతా లెక్కల్లో పొలం లేదు, గట్టు లేదు, x ఒక్కటే ఉండాది. దానికి మైనస్ ఉంటే ఏం?

"అవ్వా!" అంది గట్టిగా. అవ్వకు ఎట్ల చెప్పాలో తెలీక ఊరికే మోకాలు పట్టుకొని ఊపింది.

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

"ఏం పెద్దమ్మా, బాగుండావా?" ఓబులేష్ మేస్త్రి తెల్లచొక్కా జేబులో రెండు ఫోన్లు పెట్టుకొని వాకిలి కాడ నిలబడినాడు. "నీ కొడుకూ కోడలూ బాగుండారు. కొడుకు శానా అడిగినాడు నిన్ను."

"రాప్పా, కూచో."

"కూచునేకి యాడ తీరతాది! గుంపులో ఒకామె కాలిరగ్గొట్టుకోని పండింది. రైతు రోజూ ఒకటే పోరు, ఇంకో చెయ్యి తెస్తావా, గుంపునంతా మార్చల్లనా అని. ఊర్లో దొరికినోళ్ళను ఎక్కిచ్చుకున్నా ఇంగా ఒక చెయ్యి తక్కువే." చూపు శివజ్యోతి మీదికి వచ్చి, అక్కణ్ణుంచి ఆ పిల్ల చేతుల మీదికి జారింది. "ఈ పాప పోయినేడు బాగా తీసె."

"ఇప్పుడది పదోది చదువుతాంది కదప్పా."

"చదవనీ, చదవనీ. ఎవురొద్దంటారు."

అవ్వకు ఏదో తట్టినట్టుంది. చాట పక్కన పెట్టింది. "ఓబులేసా, నువ్వుండేది మంచిదాయె. రేపు బడికాడికి పెద్దోళ్ళు రావల్లంట. ఏదో సంతకం పెట్టల్లంట. కృష్ణవేణమ్మ చెప్పె ఇందాక." కృష్ణవేణమ్మ బడిలో అన్నం వండుతుంది, వీళ్ళ పక్కింట్లోనే ఉంటుంది. "నాకు సంతకమొచ్చునా? సార్ల తోన మాట్లాడేకొచ్చునా? మా పరమేషు లేడు. నువ్వే పోయి పెట్టిరా నాయనా. గుంపుకు పెద్దవి, నువ్వైతే ఏమి, వాడైతే ఏమి."

శివజ్యోతి చేతిలో పెన్ను కింద పడింది. ఆ సంతకం పరీక్షకు కూచోబెట్టేకి కాదు, తీసేసేకి. అవ్వకు తెలీదు, చెప్పిందెవరు! నిన్న నోటిదాకా వచ్చిన మాటను మింగింది తనే.

"వద్దవ్వా, నువ్వే రా."

"నేనొచ్చి ఏం చేస్తానే? నోరు మూసుకో. పెద్దోళ్ళు మాట్లాడతాంటే."

మేస్త్రి ఆ పిల్ల మొగం చూసినాడు. సుగ్గి గుంపులను ఏళ్ళ తరబడి నడిపినోడు. మొగాల్లో ఏముందో చదవడం రాకపోతే ఆ పని చెయ్యలేడు. పెదవి చివర చిన్న నవ్వు కదిలింది.

"దానికేముంది పెద్దమ్మా. పొద్దున్నే వచ్చి పెట్టిపోతా. పాప బట్టలు గూడ ఒక సంచిలో ఏసి పెట్టు, ఎందుకైనా మంచిది."

"బట్టలేంటికప్పా?"

"ఊరికే అంటాండా," అని వెళ్ళిపోయినాడు.

*

ఆఫీసు రూములో పెద్దసారు లేడు, ఏదో మీటింగుకు పోయినాడు. భూపేష్ సార్ ఒక్కడే బల్ల ముందు కూచొని ఉన్నాడు. మేస్త్రి కుర్చీలో కూచోకుండా దాని వీపు పట్టుకొని నిలబడినాడు. శివజ్యోతి తలుపు కాడ, గోడకు ఆనుకొని. గోడ చల్లగా ఉంది. వీపులోంచి ఆ చలి లోపలికి పోతాంది.

"ఏమప్పా, నువ్వేమవుతావు పాపకు?"

"ఊరోన్ని సార్. మా గుంపే వాళ్ళ అమ్మా నాయనా. నాకే అప్పజెప్పిపోయినారు అనుకోండి."

"అయితే ఈడ సంతకం పెట్టు." సార్ కాగితం ముందుకు తోసినాడు. అడిగిన వెంటనే దొరికిన మనిషిని చూసి ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టుంది, పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చినాడు.

మేస్త్రి ఉత్సాహంగానే వంగినాడు. పెన్ను మొన కాగితానికి తగిలింది. శివజ్యోతి కళ్ళు మూసుకుంది. సార్, నాకు లెక్క వచ్చింది సార్, అని అరవాలనుంది. కళ్ళ వెనక ఎర్ర ఐచరూ, తొట్టిలో గోనెసంచులూ, తెల్లగా విచ్చుకున్న పత్తికాయలు.

గీసిన చప్పుడు వినపడలేదు.

కళ్ళు తెరిచి చూస్తే మేస్త్రి కాగితాన్ని వేలితో తడుముకుంటా చదువుతున్నాడు. చదవడం అలవాటు లేనోడు చదివినట్టు పెదవులు కదుపుతా.

"'పనుల నిమిత్తం ఇతర ప్రాంతమునకు తీసుకొని పోవుచున్నందున'... ఇదేంది సార్, పనులని రాసినారు?"

"మరి పనికే కదా పోయేది?"

"'పదునైదు సంవత్సరముల'... వయసు గుడక రాసినారే."

"రాయాల కదప్పా. కింద నీ పేరు, ఊరు, ఫోను నంబరు రాయి."

మేస్త్రి పెన్నును మెల్లగా పైకి ఎత్తినాడు. ఇందాకటి ఉత్సాహం చేతిలోంచి ముందు పోయింది, తర్వాత మొగంలోంచి.

"ఆ మాట తీసెయ్యండి సార్. పనులనేది. ఇంగేదైనా రాయండి. ఒంట్లో బాగల్యా అనో."

"పెద్దసారు కొట్టించిన కాగితమప్పా. అందరికీ ఇదే. నేనెట్ల మారుస్తా?"

"మీకు తెలీదు సార్. పోయిన సుగ్గిలో దారిలో బండి ఆపి పిల్లోళ్ళను దింపి లెక్కబెట్టినారు. నన్ను స్టేషన్లో కూచోబెట్టినారు, నీళ్ళు గుడక ఇయ్యల్యా. ఇంగోసారి దొరికితే బండీ పోతాది, నేనూ పోతా అని చెప్పి పంపినారు. ఇప్పుడు నా చేత్తో నేనే, పదునైదేండ్ల పిల్లను పనికి తోలుకపోతాండా అని ఊరు, పేరు, ఫోనుతో సహా రాసియ్యల్లనా?" పెన్నుకు మూత పెట్టి, బల్ల మీద, కాగితానికి దూరంగా పెట్టినాడు. "నేను దీనికి ఏమీ కాను సార్."

"ఇప్పుడే కదా నాకే అప్పజెప్పిపోయినారంటివి?"

"మాటవరసకు అంటి."

"మరి ఎవరు పెడతారు?"

"ఎవురైనా పెట్టుకోండి. నేనీడికి వచ్చినానని గుడక ఎవురికీ చెప్పొద్దండి." మేస్త్రి తలుపు దాటతా శివజ్యోతి దిక్కు చూడలేదు. బోరింగు కాడ చెయ్యి కడుక్కున్నాడు, చేతికి ఏమీ అంటకపోయినా.

సార్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని తిప్పి మళ్ళీ చదివినాడు, మొదటిసారి చదివినట్టు. కింద సంతకం చెయ్యాల్సిన చోటుకు ఎదురుగా, 'తరగతి ఉపాధ్యాయుడు' అని ఇంకో గీత ఉంది. దాని మీద వేలు పెట్టి, వెంటనే తీసేసుకున్నాడు.

"రా," అన్నాడు లేస్తా. "బోర్డు మీద చెయ్యి. నిన్నటిదే."

తరగతిలో అందరూ ఉన్నారు. సుద్ద తీసుకుంది. భయం యాడికీ పోలేదు. విడగొట్టింది, బ్రాకెట్లు కట్టింది. మైనస్ నాలుగు. మైనస్ ఐదు. అలవాటున సుద్ద పైకి లేచి మైనస్ నాలుగు మీద చుక్క పడింది. ఆపుకుంది. చిటికెన వేలితో ఆ చుక్కను తుడిచేసింది.

"కొట్టేయవా?" అన్నాడు సార్.

"పెట్టి చూస్తా సార్."

పక్కనే రాసింది. పదహారు, మైనస్ ముప్ఫైఆరు, ప్లస్ ఇరవై. సున్న చుట్టేటప్పుడు సుద్ద విరిగింది. మిగిలిన ముక్కతో రెండోది కూడా చేసింది.

"మరి నిన్న యాంటికి కొట్టేసినావు?"

జవాబు చెప్పాలంటే సార్ పేరు ఎత్తాల. శివజ్యోతి నేల దిక్కు చూసింది. "మైనస్ వస్తే కొట్టేయమన్నారు సార్... పొలం లెక్కలో. ఇది పొలం కాదు."

ఎవరూ నవ్వలేదు. సార్ బల్ల మీదున్న పుస్తకాల దొంతిలోంచి ఒకటి తీసినాడు. ఈరేష్‌ది. తెరిచి చూసి ఇంకోటి తీసినాడు. ఏసురాజుది. ఇంకోటి. ప్రతి పుటలోనూ మైనస్‌ల మీద గీతలు, తను బోర్డు మీద లాగినట్టే బర్రుమని లాగిన గీతలు. గైడు చూసి రాసుకున్న మధులత పుస్తకంలో ఒక్కదాంట్లోనే లేవు. రమణి పుస్తకం కూడా ఆ దొంతిలోనే, అడుగున ఉండిపోయింది. దాన్ని ముట్టుకొని, తెరవకుండా వదిలేసినాడు.

బోర్డు దిక్కు తిరిగి ఆ రెండు సున్నలనూ ఇంకోసారి చూసినాడు. తర్వాత జేబులోంచి పేర్ల కాగితం తీసినాడు.

"ఇంటిపేరుతో చెప్పు. ఆధార్లో ఎట్లుంటే అట్ల."

చెప్పింది. రెండోసారి చెప్పమన్నాడు, మొదటిసారి వినపడలేదు కాబట్టి.

*

ఇంటికి పరిగెత్తుకొచ్చేసరికి అవ్వ సంచి సర్దుతాంది. పాత చీరలు రెండు, దుప్పటి, కంచం, లోటా. వాకిట్లో మేస్త్రి.

"అవ్వా, పరీక్షకు నా పేరు ఎక్కింది! సోమవారం పంపిస్తారు. నేను యాడికీ పోను."

"పోవద్దులే," అంది అవ్వ. సంచి మూతి ముడేస్తా తల ఎత్తలేదు. "నేను పోతా."

"నువ్వా?"

"గుంపులో ఒక చెయ్యి తక్కువుంటే రైతు అందర్నీ తోలేస్తాడంట. మీ నాయన, మీయమ్మ నడిమధ్యలో యాడికి పోతారు? నీకు పదునైదేండ్లంట, కాగితాలంట, పోలీసులంట. నా వయసు ఏ పోలీసు అడుగుతాడే!" నవ్వింది. పైన రెండు పళ్ళు లేని నవ్వు.

"మామా, అవ్వకు మోకాళ్ళు నొప్పులు. వంగలేదు," అంది శివజ్యోతి మేస్త్రి దిక్కు తిరిగి. ఆ మనిషితో ఆ పిల్ల ఎదురుగా మాట్లాడింది అదే మొదలు.

"పత్తిచెట్టుకు వంగే పని ఉండదు పాపా," అన్నాడు మేస్త్రి. తనకే నమ్మకం లేనట్టు అన్నాడు. "నేనడగల్యా. మీయవ్వే అడిగింది."

"నువ్వు కృష్ణవేణమ్మ ఇంట్లో పండుకో," అంది అవ్వ. "ఆమెకు చెప్పినా. పొద్దున లేచి వాకిలి ఊడ్చు, మన వాకిట్లో ముగ్గు తప్పొద్దు."

ఆదివారం తెల్లారి బండి కదిలేకి సిద్ధమైంది. అవ్వను ఇద్దరు ఆడోళ్ళు చేతులు పట్టి తొట్టిలోకి లాగినారు. మోకాలు మడవలేక అవ్వ ఒక్క నిమిషం అంచు మీద వేలాడి, "ఓయమ్మా" అని లోపల పడింది. గోనెసంచుల మీద, టార్పాలిను కమ్మీ పట్టుకొని రమణి కూచొనుంది, వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టబోతా. తలమీద తుండు చుట్టుకుంది, వయసు తెలీకుండా.

"ఏమే, నీకొచ్చిందంట కదా తొమ్మిదోది?" అంది రమణి.

"ఊఁ."

"నన్ను బడి మానిపించే ముందు సారు అదే అడిగినాడు. నాకూ రెండూ మైనస్సే వచ్చినాయి. యాడ తప్పు చేసినానో తెలీక కొట్టేస్తి."

శివజ్యోతి బండి అంచు పట్టుకుంది. "తప్పు కాదే. రెండూ ఉంటాయి. కొట్టేయకూడదంట."

రమణి ఆ పిల్ల దిక్కు చూసింది. బండి స్టార్టయింది, పొగ మధ్యలోకి వచ్చింది. "ఇప్పుడు చెప్తాండావా!" అని నవ్వినట్టే వినపడింది, నవ్వో కాదో తెలీలేదు. తొట్టిలోంచి అవ్వ చెయ్యి ఒక్కటే ఊగుతాంది, పో, పో, బడికి పో అన్నట్టు. ఆ పొద్దు ఆదివారమని అవ్వకు గుర్తులేదు.

దుమ్ము అణిగినాక శివజ్యోతి ఇంటికొచ్చింది. తాళం తియ్యలేదు. వాకిట్లో అవ్వ చెరిగి ఒదిలిపోయిన తాలు కుప్ప ఇంకొకటి ఉంది, రెండోసారి చాటకెక్కనిది. రెండు కోళ్ళు అప్పటికే దాని మీదికొచ్చినాయి. హుష్ అని తరిమింది. చాట తెచ్చుకొని కాళ్ళు చాపుకొని కూచుంది. ఎగరేయకుండా, మెల్లగా పక్కకు ఊపి, అడుగు చూడడం మొదలుపెట్టింది.